ముద్దకు తోడు కారం

తిండి గురించి రేడియోలో మాట్లాడమంటే పెళ్లి భోజనాలతోనో, పండుగ పిండివంటలతోనో మొదలుపెట్టడం మామూలు. నాకు అంత ఘనమైన విషయం వద్దు. కర్నూలు, కడప జిల్లాల్లో ఏ చిన్న ఊరికి పోయినా బస్టాండు పక్కన, మార్కెట్ యార్డు గేటు ముందర, తహసీల్దారు ఆఫీసు ఎదురుగా ఒక చవక హోటలు ఉంటుంది. దాని గురించి నాలుగు మాటలు చెబుతాను. పైన రేకులు, కింద బండలు, లోపల నాలుగైదు బల్లలు. బోర్డు ఉంటే ఉంటుంది, లేకుంటే లేదు. ఉన్నా ఆ పేరుతో ఎవరూ పిలవరు. మెట్ల కాడి హోటలు, యాపచెట్టు కింది హోటలు, సాయిబు హోటలు, అవ్వ హోటలు. ఊరికి అవే గుర్తులు.

కూర్చోగానే మోచెయ్యి ఆనేది కడప బండ మీద. కర్నూలు వైపైతే బేతంచెర్ల బండ. దేశంలో ఎన్నో ఊళ్ల వంటగదుల్లో గట్ల మీద పరిచేది మన కడప నల్లబండే. ముంబయిలో, పుణేలో రాళ్ల దుకాణానికి పోయి ‘కడప’ కావాలంటే అర్థమవుతుంది. నూనె పడినా, టీ ఒలికినా తడిగుడ్డతో ఒక్క తుడుపు తుడిస్తే పోతుంది. చింతపులుసు, నిమ్మరసం పడిన చోట మాత్రం తెల్లటి మచ్చ నిలిచిపోతుంది. సున్నపురాయి గదా, పులుపును తట్టుకోలేదు. పాత హోటలు బల్ల మీద ఆ మచ్చలు చూస్తే అక్కడ ఏళ్ల తరబడి జనం ఏం తింటున్నారో అడక్కుండానే తెలుస్తుంది.

వచ్చేవాళ్లు అన్ని రకాల వాళ్లూ. యార్డులో మూటలు మోసి వచ్చిన హమాలీ, పాస్‌బుక్కు పని మీద పల్లె నుంచి వచ్చిన రైతు, మొదటి ట్రిప్పు దిగిన కండక్టరు, హాస్టలు టిఫిను నచ్చని డిగ్రీ పిల్లలు. ఎదురుగా ఎవరు కూర్చున్నారో ఎవరూ పట్టించుకోరు. ఖాళీ ఉన్న చోట సర్దుకోవడమే. “ఏం గావల్లనా?” అని అడుగుతాడు పిల్లోడు. “ఏముంది?” అంటే ఒక్క ఊపిరిలో చదువుతాడు: ఇడ్లీ, వడ, పూరీ, దోశ, కారం దోశ, పొంగణాలు, చిత్రాన్నం, ఉగ్గాని బజ్జీ. పొద్దున పూట మనవాళ్లలో ఎక్కువమంది ఆ చివరి మాట కోసమే ఆగి ఉంటారు.

ఉగ్గాని తెలియని శ్రోతలు కూడా ఉంటారు కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. కోస్తావాళ్లు మరమరాలనే బొరుగులతో చేసే టిఫిను ఇది. కర్నూలు, అనంతపురం, కడప, దాటితే బళ్లారి. ఈ మెట్టప్రాంతమంతా దీని రాజ్యమే. దీని కథ హోటల్లో కాదు, బొరుగుల బట్టీలో మొదలవుతుంది. వడ్లను నానబెట్టి, ఉడకబెట్టి, ఎండబెట్టి, దంచి బియ్యం తీస్తారు. ఆ బియ్యానికి ఉప్పునీళ్లు పట్టించి, కాస్త ఆరనిచ్చి, బాగా కాగిన ఇసుకలో పోస్తారు. బట్టీ కాడ మనిషి జల్లెడా, పొడుగాటి గరిటా పట్టుకొని నిలబడి ఉంటాడు. గింజ ఇసుకలో పడ్డాక పొంగడానికి కొన్ని క్షణాలు చాలు. ఆ క్షణం దాటితే మాడుతుంది, ముందే తీస్తే గట్టిగా ఉండిపోతుంది. వెంటనే జల్లెడ పట్టి ఇసుకను మళ్లీ పెనంలోకి విడుస్తాడు. ఆ వేడిలో, ఆ పొగలో పొద్దున్నించి నిలబడి చేసే పని అది. మనం ప్లేటు ముందర కూర్చున్నప్పుడు ఆ మనిషి ఎవరికీ గుర్తు రాడు.

హోటల్లో మిగిలింది చిన్న పనే. పెద్ద గిన్నెలో నీళ్లు పోసి, బొరుగులు అందులో వేసి, ఒక్క మునక ముంచి, రెండు చేతులా పిండి తీస్తారు. ఎక్కువసేపు ఉంచితే ముద్దైపోతుంది. పక్కన బాణలిలో శెనగనూనె కాగుతూ ఉంటుంది. ఆవాలు, జీలకర్ర, కరివేపాకు, పచ్చిమిరపకాయలు, సన్నగా తరిగిన ఎర్రగడ్డలు, పసుపు, టమోటా, కొంచెం చింతపండు రసం. కొందరు నిమ్మకాయ పిండుతారు. అందులో పిండిన బొరుగులు వేసి కింది నుంచి మీదికి రెండుసార్లు తిప్పి, పైన పప్పుల పొడి చల్లుతారు. పుట్నాలు, ఎండుకొబ్బరి, ఎండుమిరప, తెల్లగడ్డ కలిపి కొట్టిన పొడి అది. తడిగా ఉన్న బొరుగులకు ఆ పొడి పట్టుకొని ప్రతి మెతుకూ విడివిడిగా నిలబడుతుంది. పొడి తక్కువైతే ఉగ్గాని చప్పబడుతుంది, ఎక్కువైతే గొంతులో పిండి అడ్డం పడినట్టుంటుంది. మంచి హోటలుకూ, మామూలు హోటలుకూ తేడా ఆ పిడికెడు పొడి దగ్గరే తెలుస్తుంది.

పక్కన బజ్జీ లేకుంటే ఉగ్గాని పెట్టనట్టే లెక్క. బజ్జీకి వాడేది లావుపాటి, లేత ఆకుపచ్చ మిరపకాయ. కారం అంతగా ఉండదు. నిలువునా చీల్చి, లోపల కొంచెం వాము, ఉప్పు, చింతపండు గుజ్జు పూసి, శెనగపిండిలో ముంచి నూనెలో విడుస్తారు. ఉగ్గాని ఒక ముద్ద, బజ్జీ ఒక కొరుకు. ఈ వరుస ఎవరూ నేర్పరు, తినేవాడికి దానంతట అదే వస్తుంది.

ఇంతా తిని లేస్తే ఊరిని బట్టి ముప్పై నలభై రూపాయలు. ఈ ధరకు ఎలా ఇస్తున్నారని ఒక హోటలాయన్ను అడిగితే నవ్వి, “వండే పని బట్టీలోనే అయిపోయింది గద సామీ” అన్నాడు. నిజమే. అన్నం వండాలంటే నీళ్లు కావాలి, మంట కావాలి, సమయం కావాలి. మిగిలితే పారబొయ్యాలి. బొరుగుల మూట మూలన పడి ఉంటుంది, పాడు కాదు. పదిమంది వస్తే పదిమందికి, ఇద్దరొస్తే ఇద్దరికి తడిపితే సరి. ఏడాదికి ఏడు వందల మిల్లీమీటర్లకు కొంచెం అటూ ఇటూ వాన పడే జిల్లాలివి. పడినా వేళకు పడదు. సుంకేసుల నుంచి కడప దాకా కె.సి. కాలువ ఉంది. 1860ల్లో ఒక ఇంగ్లీషు కంపెనీ లాభం కోసం తవ్వడం మొదలుపెట్టి, నష్టపోయి, 1882లో ప్రభుత్వానికి అప్పజెప్పిన కాలువ. దాని కింద వరి పండుతుంది. కాలువ గట్టు దిగి నాలుగు మైళ్లు పోతే మళ్లీ శెనక్కాయ, జొన్న, కొర్ర, కంది. నీళ్లకూ, కట్టెలకూ కరువుండే చోట పుట్టిన టిఫిను ఎలా ఉండాలో ఉగ్గాని అలాగే ఉంది.

ఇక్కడ ఇంకొక సంగతి. ఈ హోటళ్లలో చట్నీకి లెక్క లేదు. కర్నూలు వైపు బుడ్డలంటారు, కడప వైపు శెనక్కాయలంటారు. ఆ విత్తనాలు వేయించి, పచ్చిమిరపకాయలతో రుబ్బిన చట్నీ బకెట్టుతో తిరుగుతుంది. “ఇంగొంచెం ఎయ్‌నా” అంటే వేస్తాడు. మళ్లీ అడిగినా వేస్తాడు. రెండు ఇడ్లీలకు మూడు గరిటెల చట్నీ తాగేవాళ్లను నేను చూశాను, వాళ్లను ఎవరూ ఏమీ అనరు. కారం మాత్రం ఊరికే ఇవ్వాలి. ఇదొక రాయని చట్టం.

ఆ చట్టం మన దగ్గరే కాదు. మా చెల్లెలి కొడుకు అమెరికాలో టెక్సస్‌లో ఒక చిన్న యూనివర్సిటీ ఊళ్లో చదువుకున్నాడు. మన పిల్లలు అక్కడ తిండికి పడే పాట్లు మీకు తెలిసినవే. ఫోను చేసినప్పుడల్లా ఒకే హోటలు పేరు చెప్పేవాడు. అది మెక్సికోవాళ్ల హోటలు. మెక్సికో నుంచి వలస వచ్చిన ఒక కుటుంబం నడుపుతుంది, చవక. “మామా, కూర్చుంటూనే బుట్ట నిండా మొక్కజొన్న చెక్కలు, గిన్నెలో ఎర్ర చట్నీ తెచ్చి పెడతారు. దానికి డబ్బుల్లేవు. అయిపోతే మళ్లీ తెస్తారు” అన్నాడు. ఆ తర్వాత అన్నం, చిక్కుడు గింజలు, రొట్టె. పచ్చిమిరప ఊరగాయ అడిగితే పెట్టేవాళ్లట. శాకాహారులైన స్నేహితులకు వాడొక జాగ్రత్త కూడా చెప్పేవాడు: మెదిపి వేయించిన చిక్కుడు గింజల్లో పాతకాలం పద్ధతిలో పందికొవ్వు వేస్తారు, ముందే అడిగి తినండి అని. టమోటా, ఎర్రగడ్డ, మిరపకాయ, కొత్తిమీర కలిపి దంచిన ఆ ఎర్ర చట్నీ తిన్నాక వాడికి ఇంటి మీద బెంగ కొంచెం తగ్గిందట. అమెరికాలో చాలామంది తెలుగు పిల్లలు ఈ మాటే చెబుతారు. పరాయి దేశంలో మన తిండికి దగ్గరగా ఉన్నదేదని వెతికితే వాళ్లు చాలాసార్లు మెక్సికన్ హోటలు గుమ్మం ముందర తేలుతారు.

అది ఊరికే జరిగింది కాదు. మిరపకాయ పుట్టిల్లు మెక్సికో. ఆ దేశంలో ఆరువేల ఏళ్ల కిందటి నుంచే జనం దాన్ని పెంచుకుంటున్నారు. మన దేశానికి వచ్చింది పోర్చుగీసువాళ్ల ఓడల్లో, పదహారో శతాబ్దంలో. 1510లో వాళ్లు గోవాను పట్టుకున్నారు. అప్పటికి హంపీలో సింహాసనం మీద శ్రీకృష్ణదేవరాయలు. మన రాయలసీమ అంతా ఆయన ఏలుబడిలోనిదే. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు ఏ కాలానికి తగ్గ భోజనం ఆ కాలంలో అతిథులకు పెట్టే వర్ణన ఉంది. తెలుగు సాహిత్యంలో తిండి గురించి అంత రుచిగా రాసినవాళ్లు తక్కువ. అందులో కూరలకు పట్టించింది మిరియాల పొడి. మిరపకాయ ఎక్కడా కనబడదు. అంతటి రాయలవారు మిరపకాయ బజ్జీ రుచి ఎరగకుండానే 1529లో వెళ్లిపోయి ఉంటారని అనుకుంటే నాకు ఆయన మీద కొంచెం జాలి కలుగుతుంది.

అదే హంపీలో బతికిన పురందరదాసు పేరు మీద మిరపకాయను మెచ్చుకుంటూ ఒక కన్నడ కీర్తన ఉందని, మన తిండి చరిత్ర రాసిన కె.టి. అచ్చయ్య తన పుస్తకంలో చెప్పారు. పురందరదాసు కాలం 1564 దాకా. కీర్తన నిజంగా ఆయనదే అయితే, ఒక్క తరంలోనే ఈ కాయ ఓడరేవు నుంచి మెట్టప్రాంతం లోపలికి వచ్చేసిందన్నమాట. ఎందుకంత తొందరగా వచ్చిందో ఊహించడం కష్టం కాదు. మిరియం మలబారు కొండల్లో, బాగా వాన పడే చోట చెట్లకు పాకే తీగ. సీమవాడు దాన్ని డబ్బు పెట్టి కొనుక్కోవాలి. మిరప మన పెరట్లోనే వస్తుంది. నాలుగు చెట్లు పెడితే ఇంటికి ఏడాది సరిపోతుంది, ఎండబెడితే నిలవ ఉంటుంది. ఉన్నవాళ్ల కారం లేనివాళ్ల ఇంటికి వచ్చింది అప్పుడే.

ఇప్పుడు మళ్లీ హోటలు బల్ల దగ్గరికి రండి. ఉగ్గాని ప్లేటులో నుంచి అమెరికా ఖండం సరుకు ఒక్కొక్కటే తీసేద్దాం. పచ్చిమిరప పాయె. బజ్జీ మొత్తం పాయె. టమోటా పాయె, అదీ మెక్సికోలోనే ఇంటి పంటగా మారింది. ఇవాళ మన మదనపల్లె టమోటా మార్కెట్టు ధర పెరిగితే ఢిల్లీలో కూడా వార్త. పోపు పెట్టిన శెనగనూనె పాయె. వేరుశెనగ దక్షిణ అమెరికా పంట, సీమ ఎర్రనేలల్లో పెద్ద ఎత్తున పరుచుకున్నది ఈ నూరు నూటయాభై ఏళ్లలోనే. చట్నీ బకెట్టు మొత్తం ఖాళీ. పూరీలోకి ఆలుగడ్డ కూర ఉండదు. మిగిలేదేమిటి? తడి బొరుగులు, ఎర్రగడ్డ, పసుపు, చింతపండు, పుట్నాలు. తినగలం గానీ, దానికోసం కండక్టరు మొదటి ట్రిప్పు దిగి పరుగెత్తి రాడు.

మనది మెక్సికోతో ఇచ్చిపుచ్చుకున్న సంబంధం కాదు, తీసుకున్న సంబంధమే ఎక్కువ. అయినా నన్ను అంతకంటే ఎక్కువగా ఆలోచింపజేసేది నేల. మెక్సికోలో చాలా భాగం మెట్టపీఠభూమి. వాన తక్కువ, ఎండ ఎక్కువ, కంపచెట్లు. కర్నూలు నుంచి ఆదోని పోయే దారిలో చేల గట్ల మీద కిత్తనార చెట్లు చూస్తాం కదా, పొడుగాటి ముళ్ల ఆకులతో? అది మెక్సికో నుంచి వచ్చిన జాతి. వాళ్లు దాని చుట్టాల్లో ఒకదాని నుంచి సారాయి తీస్తారు. మనం తాళ్లు పేనుకున్నాం. నాగజెముడు కూడా అటు నుంచి వచ్చిందే. ఈస్టిండియా కంపెనీవాళ్లు పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఎర్ర రంగునిచ్చే పురుగును మద్రాసు వైపు పెంచుదామని తిప్పలు పడ్డారు. ఆ పురుగుకు మేత ఈ జెముడే. తర్వాత ఈ జెముడు బీళ్లన్నీ ఆక్రమించి, దక్షిణాదిలో రైతులకు పెద్ద తలనొప్పి అయింది. చివరికి 1926లో శ్రీలంక నుంచి ఇంకో రకం పురుగును తెచ్చి వదిలితే నాలుగైదేళ్లలో జెముడు చాలా మటుకు చచ్చింది. మెక్సికోవాళ్లు అదే జాతి చెట్టు మట్టలను ముళ్లు గీకి కూర వండుకుంటారు, పండ్లు బజారులో అమ్ముతారు. మన పిల్లలు గొర్రెల వెంట పోయినప్పుడు ఆ ఎర్ర పండ్లు తిని నోరంతా రంగు చేసుకున్నదే తప్ప, కూర దాకా మనం పోలేదు.

రొట్టె సంగతి చూడండి. కర్నూలు, ఆదోని సందుల్లో సాయంత్రం పూట పొయ్యి ముందర కూర్చొని జొన్నరొట్టెలు కొట్టే ఆడవాళ్లు ఉంటారు. పిండి ముద్దను అరచేత్తో తడుతూ గుండ్రంగా తిప్పుతూ, ఒక్క చీలిక లేకుండా పలుచగా చేసి పెనం మీద పరుస్తారు. పైన తడిచెయ్యి రాస్తారు. రొట్టె పొంగితే తిప్పి నిప్పుల మీద పెడతారు. మెక్సికోలో మొక్కజొన్న రొట్టెను పాతకాలం ఆడవాళ్లు ఇలాగే అరచేతుల మధ్య తట్టి చేసేవాళ్లు. మొక్కజొన్నను తొమ్మిదివేల ఏళ్ల కిందట ఒక అడవిగడ్డి నుంచి పంటగా మలిచింది ఆ దేశపు నైరుతి లోయల్లోని జనమే. కానీ వాళ్లకు మనకు తెలియని ఒక కిటుకు తెలుసు. గింజలను సున్నపునీళ్లలో ఉడికించి, ఒక రాత్రి ఉంచి, కడిగి అప్పుడు రుబ్బుతారు. అలా చేస్తే గింజలో బిగుసుకొని ఉన్న ఒక విటమిను ఒంటికి పట్టే రూపంలోకి వస్తుంది. గింజను తీసుకుపోయి, ఆ కిటుకును వదిలేసిన యూరపు, అమెరికా పేదలకు పెల్లాగ్రా అనే జబ్బు పట్టుకుంది. చర్మం పొలుసులు లేచి, మనసు చెదిరిపోయే జబ్బు. మన దక్కనులో జొన్నల మీదే బతికే కూలీల్లో కూడా అది కనబడింది. దాని కారణాల మీద హైదరాబాదులోని పోషకాహార పరిశోధన సంస్థలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంటయ్య 1960లో రాసిన వ్యాసం ప్రపంచమంతా చర్చకు వచ్చింది. వాళ్లు చెప్పిన కారణంతో అందరూ ఏకీభవించలేదు. ఒకే గింజ మీద మనిషి బతకలేడన్న మాట మాత్రం ఎవరూ కాదనలేదు.

అందుకే ఎండనేలల వాళ్లు గింజ పక్కన పప్పును, దాని పక్కన కారాన్ని పెట్టుకున్నారు. వాళ్లది మొక్కజొన్న రొట్టె, చిక్కుడు గింజలు, మిరపకాయ. మనది రాగిసంగటి, శెనక్కాయల ఊరిమిండి పచ్చడి, మిరపకాయ. ముద్ద చప్పగా ఉంటుంది. చప్పటి ముద్దను రోజూ మింగాలంటే నాలుకను లేపేది ఒకటి కావాలి. కూరగాయలు కొనలేని ఇంట్లో ఆ పని కారం చేసింది. సీమవాళ్లు కారం ఎక్కువ తింటారని బయటివాళ్లు ఎగతాళి చేసినప్పుడు వాళ్లకు ఈ లెక్క చెప్పాలనిపిస్తుంది: కూర తక్కువైన చోట కారం ఎక్కువవుతుంది.

సంగటి మాట వచ్చింది కాబట్టి మధ్యాహ్నపు హోటలుకు పోదాం. పాత పద్ధతిలో నూకలు ఉడికిన ఎసట్లో రాగిపిండి కుప్పగా పోసి, ఉడికాక తెడ్డుతో ఎనుపుతారు. గట్టి భుజాలు కావలసిన పని అది. ఉండ కట్టకుండా ఎనిపి, తడిచేత్తో ముద్దలు చేసి, ఆకులో పెట్టి, నడుమ గుంట చేసి నెయ్యో, నాటుకోడి పులుసో పోస్తారు. నమలకూడదు, పులుసులో అద్దుకొని మింగాలి. ఒకప్పుడు ఇది ప్రతి ఇంటి కూడు. వరన్నం పండుగలకే. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చాక వరన్నం రోజూ వండుకునే తిండి అయింది. అది పేదవాడి కడుపు నింపిన పథకం, దాన్ని తప్పుపట్టను. కాకపోతే రాగులు, కొర్రలు పొలంలోంచి, పొయ్యి మీద నుంచి మెల్లగా జారిపోయాయి. నంద్యాలలో 1906లో పెట్టిన వ్యవసాయ పరిశోధన స్థానం ఇప్పటికీ కొర్రల్లో మంచి రకాలు తీస్తోంది. సూర్యనంది అనే కొర్ర రకం వాళ్లదే. ఇంట్లో వండడం తగ్గిన సంగటి ఇప్పుడు హోటలు బోర్డు మీదికి ఎక్కింది. హైదరాబాదులో, బెంగళూరులో దానికి రాయలసీమ స్పెషల్ అని పేరు, రెండు ముద్దలకు మనూళ్లో ఇంటిల్లిపాదీ తినగలిగే ధర. తాతలు గతిలేక తిన్నది మనవలు డబ్బు పెట్టి తింటున్నారు. తిననీండి, నాకేం అభ్యంతరం లేదు. చట్నీ రెండోసారి అడిగితే బిల్లులో వేసే పద్ధతి మీదే నా పేచీ.

కడపకు వస్తే కారం దోశ గురించి చెప్పకుండా పోతే ఊళ్లోకి రానివ్వరు. ఎర్రగడ్డలు, ఎండుమిరపకాయలు, తెల్లగడ్డ, ఉప్పు వేసి రుబ్బిన ఎర్రకారం ఒక సత్తుగిన్నెలో సిద్ధంగా ఉంటుంది. దోశలాయన ఇనుప పెనం మీద నీళ్లు చిలకరిస్తాడు, చుయ్యిమంటుంది. చీపురుతో ఊడ్చి, సగం కోసిన ఎర్రగడ్డతో రుద్దుతాడు. పిండి పోసి మందంగానే తిప్పుతాడు. ఇది కాగితం దోశ కాదు. అంచులు లేవక ముందే ఎర్రకారం ఒక గరిటె వేసి గరిటె అడుగుతోనే దోశంతా పూస్తాడు. దాని మీద పప్పుల పొడి, దాని మీద నూనె. నెయ్యి అడిగితే నెయ్యి. పచ్చికారం వాసన పోయి కమ్మటి వాసన వచ్చేదాకా మూత పెట్టి, మడిచి ప్లేటులో వేస్తాడు. పక్కన శెనక్కాయల చట్నీ, కొన్నిచోట్ల బొంబాయి చట్నీ. మొదటిసారి తినేవాళ్లు సగంలో ఆగి నీళ్లకోసం చూస్తారు. నీళ్లు తాగితే మంట తగ్గదు, నోరంతా పాకుతుంది. కారం నీళ్లలో కరగదు మరి. మజ్జిగో, పెరుగో, లేకుంటే ఇంకో ముద్ద దోశో పని చేస్తుంది. ప్రొద్దుటూరు వాళ్లు తమ ఊరి దోశే మేలంటారు, మైదుకూరు వాళ్లు ఒప్పుకోరు. ఆ తగువులో నేను దూరను.

2024 మే నెలలో ఒక వార్త వచ్చింది. మెక్సికో నగరంలో ‘ఎల్ కలీఫా దె లియోన్’ అనే రొట్టెల అంగడికి, పెద్దపెద్ద ఖరీదైన హోటళ్లకు ఇచ్చే మిషెలిన్ నక్షత్రం ఇచ్చారు. 1968లో పెట్టిన అంగడి. పది అడుగుల పొడుగు, పది అడుగుల వెడల్పు, కూర్చోడానికి చోటు లేదు. పెనం మీద కాల్చిన మాంసం, మొక్కజొన్న రొట్టె, నాలుగు రకాలే. పక్కన రెండు గిన్నెల చట్నీ, ఎంత కావాలంటే అంత. అంతకుముందే, 2010లో, ఆ దేశపు సంప్రదాయ వంటలను యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. చదివినప్పుడు సంతోషమేసింది. మన కారం దోశకూ అలాంటిది రావాలని ఒక మిత్రుడు అన్నాడు. నాకు మాత్రం భయమేసింది. నక్షత్రం వచ్చిన మర్నాడు బల్ల మీద గుడ్డ పరుస్తారు, కడప బండ కనబడదు. ఆ పైన ధర. హమాలీ ఇంకో వీధి వెతుక్కోవాలి.

నక్షత్రాలు రాకపోయినా మన హోటళ్లకు వేరే కష్టాలు ఉన్నాయి. పెద్దరోడ్డు ఊరి బయట నుంచి పోయిన చోట్ల బస్టాండు హోటలు బేరం పడిపోయింది. కారుల్లో పోయేవాళ్లు బైపాసు మీదే ఆగుతున్నారు. నూనె డబ్బా ధర, సిలిండరు ధర పెరిగితే ముందు చిన్నబోయేది బజ్జీ, తర్వాత పలుచనయ్యేది చట్నీ. కాగిన నూనెనే మళ్లీ మళ్లీ కాచే హోటళ్లు కూడా ఉన్నాయి, వాటిని వెనకేసుకురాను. నూనె నల్లగా, నురగ కడుతూ కనబడితే బజ్జీ వద్దని చెప్పి ఉగ్గాని మాత్రం తినండి. బట్టీల సంగతి కూడా అంతే, ఆ వేడిలో నిలబడడానికి కుర్రవాళ్లు ఎవరూ ముందుకు రావడం లేదు. మిషను బొరుగులు వస్తున్నాయి. చూడ్డానికి తెల్లగా, పెద్దగా ఉంటాయి గానీ నీళ్లలో ముంచగానే నలిగిపోయే రకం కూడా అందులో ఉంది. తెలిసిన హోటలువాళ్లు మూట విప్పి, నాలుగు గింజలు నోట్లో వేసుకొని, ఉప్పు చూసి కొంటారు.

బయటి ఊళ్ల నుంచి వచ్చే శ్రోతలకు ఒక్క మాట. ఉగ్గాని తినాలంటే పొద్దున పది లోపలే పోండి. పదకొండు తర్వాత అడిగితే గిన్నె అడుగున మిగిలింది వేడి చేసి ఇస్తారు, దాన్ని తిని మా టిఫినుకు పేరు పెట్టొద్దు. జనం నిలబడి ఉన్న హోటలుకే పోండి, ఖాళీగా ఉన్నదానికి కాదు. ప్లేటు రాగానే పైన పొడి చాలకపోతే మొహమాటపడకుండా అడగండి. “అన్నా, పప్పుల పొడి ఇంగ కొంచెం” అంటే చాలు. వేస్తారు, దానికి డబ్బులు తీసుకోరు.